కొండ మీది బడిలో పప్పన్నం

మీ ఊరి బడికి తాళం పడిన రోజు మీరేం చేశారు? నాకు తెలుసు, ఏమీ చెయ్యలేదు. మీ పిల్లలు పసుపు బస్సెక్కి టౌనులో చదువుకుంటున్నారు కాబట్టి ఆ తాళం మీ కంట పడలేదు. ఇప్పుడు మాత్రం "ఫ్రాన్సులో పాత రాతి ఊళ్లు చూడాలని ఉంది, ఎలా వెళ్లాలి, ఎంతవుతుంది" అని నాకు మెసేజీలు పెడుతున్నారు. రైలు, బస్సు, ఖర్చు అన్నీ చెబుతాను. కానీ మధ్యలో ఒక బడి వస్తుంది. దాన్ని దాటేసి చదువుతానంటే కుదరదు.

నేను ప్రభుత్వ టీచర్ని. మాది యానాం వంతెనకి ఇవతల, కోనసీమ వైపు ఊరు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో దాచుకున్న డబ్బుతో ఈ వేసవి సెలవుల్లో మరో ముగ్గురు టీచర్లతో కలిసి పదిరోజుల యూరప్ టూరు కట్టాను. బయల్దేరే ముందురోజు, మా బడిలో మధ్యాహ్న భోజనం వండే లక్ష్మిగారు ఒక పప్పుగుత్తి పట్టుకుని ఇంటికొచ్చారు. "మా చెల్లి రత్నం కూడా బడిలోనే వండుద్దండి మేడమ్‌గారూ, ఫ్రాన్సులో. అక్కడ ఇది దొరకదంట. పట్టుకెళ్తారా?" అన్నారు. పారిస్‌లోనా అంటే, "కాదండి, ఎక్కడో కొండ మీదంట. బస్సు ఎళ్తదంట" అన్నారు.

యానాం అంటే మీకు చవక సీసాలే గుర్తొస్తాయి. అక్కడ కొన్ని కుటుంబాలకు, ఫ్రెంచివాళ్లు ఏలిన కాలం నుంచి, తరాలుగా ఆ దేశ పౌరసత్వం ఉంది. రత్నంగారి భర్తది అలాంటి కుటుంబం. ఆయనతో పారిస్ వెళ్లిన రత్నంగారు, ఆయన పోయాక అక్కడి అద్దెలు కట్టలేక, ఏడేళ్ల కిందట ఆ కొండ ఊరి బడిలో వంటపనికి చేరారు. గుమ్మం దిగుతూ లక్ష్మిగారు ఇంకో మాట అన్నారు. "ఈ ఏడు ఆ బడి ఎత్తేత్తారంటండి. ఎత్తేత్తే దానికి పనీ పోద్ది, ఉండే గదీ పోద్ది. పలకరించి రండి పాపం."

ఆ మాటతో ఆ కొండ ఊరికి నా ప్రయాణం ఖాయమైంది. రెండేళ్ల కిందట మా బడిలో మూడు, నాలుగు, ఐదు తరగతులను మూడు కిలోమీటర్ల అవతలి హైస్కూల్లో కలిపేశారు. అప్పుడు వ్యాసాలు రాశాను, ధర్నాలో కూర్చున్నాను. చివరికి ఆ తరగతుల రిజిస్టర్లు నా చేత్తోనే ఆటోలో పెట్టి, అప్పగించినట్టు సంతకం చేశాను.

పారిస్‌లో మూడోరోజు, గుంపు వదిలి రెండు రోజులు వెళ్లొస్తానంటే మా టూరు మేనేజరు, రాజమండ్రి కుర్రాడు, తల పట్టుకున్నాడు. "మేడమ్, రేపు పెద్ద పార్కండి! టికెట్టు డబ్బులు కట్టేశారు కదండీ!"

"నా బదులు నా సూట్‌కేసుని తిప్పు నాయనా. అది కూడా ఏమీ చూడలేదు."

మధ్యాహ్నం ఆస్తర్లిజ్ స్టేషన్లో రైలెక్కితే నాలుగున్నర గంటల్లో బ్రీవ్ అనే పట్టణంలో దింపింది. ముందే కొన్నందుకు ముప్ఫై తొమ్మిది యూరోలైంది, అదేరోజు కొంటే దాదాపు రెట్టింపు. స్టేషన్ ఎదురుగా చిన్న హోటల్లో గది అరవై రెండు. అక్కడి నుంచి పొద్దున్న ఎనిమిదీ పదికి పల్లెల బస్సు. టికెట్టు రెండు యూరోల పైచిల్లర, ప్రయాణం ముప్పావుగంట. ఊరి పేరు మాత్రం రాయను, రత్నంగారు వద్దన్నారు. బ్రీవ్ చుట్టూ అలాంటి కొండ ఊళ్లు బోలెడున్నాయి, మీకు ఏదైనా ఒకటే.

బస్సు కొండ కింద ఆగింది. ఎక్కడని సైగ చేస్తే డ్రైవరు నవ్వి వేలితో ఆకాశం చూపించాడు. నిజంగా ఆకాశంలోనే ఉంది ఊరు. కొండ కొన మీద విరిగిన బురుజు, దాన్ని కరుచుకుని తేనెరంగు రాతి ఇళ్లు, నల్లటి పలకరాతి కప్పులు. ఎక్కడ తవ్వినా ఒండ్రు తప్ప రాయి దొరకని నేల మీద పుట్టినదాన్ని నేను. కంకరరాయిని కూడా లారీలో తెప్పించుకునేవాళ్లం. ఐదారువందల ఏళ్లుగా వాన కింద నిలబడ్డ గోడ మీద చెయ్యి వేస్తే, ఎండకి గోరువెచ్చగా, పశువు వీపులా ఉంది.

రత్నంగారు బస్టాపుకే వచ్చారు. పొట్టిగా, గట్టిగా, చీర మీద స్వెట్టరుతో ఉన్నారు. పప్పుగుత్తి అందుకుని కళ్లకద్దుకున్నంత పని చేశారు. నేను నలభై మెట్లకే ఆయాసపడుతుంటే వెనక్కి తిరిగి, "ఏంటండీ టీచరుగారూ, అప్పుడేనా? ఇంకా పావు వంతు కూడా ఎక్కలేదు" అన్నారు.

"మనవైపు ఎత్తంటే గోదారి గట్టే కదండీ."

"నేనూ మొదట్లో కూచుని ఏడ్చానండి. ఇప్పుడు కందిపప్పు మూట భుజానేసుకుని ఎక్కేత్తాను."

దారిలో మేయరు ఇంటికి తీసుకెళ్లారు. మనకి సర్పంచిలా అక్కడ ప్రతి పల్లెకీ ఒక మేయరు. అరవై దాటిన ఆవిడ, గొర్రెల మంద ఉంది, మోకాళ్లదాకా బూట్లున్నాయి. రొట్టె, జున్ను ముక్కలు పళ్లెంలో పెట్టి తినమంది. పొద్దున్నుంచి నా కడుపులో ఏమీ లేదు. అయినా అలవాటుగా "వద్దండీ, ఇప్పుడే తిన్నాను" అని నవ్వాను. రత్నంగారు అదే మాట ఫ్రెంచిలో చెప్పగానే మేయరు తలూపి పళ్లెం తీసుకెళ్లి బీరువాలో పెట్టేసింది! బయటికొచ్చాక రత్నంగారు పగలబడి నవ్వారు. "ఇక్కడ ఒక్కసారే అడుగుతారండి. వద్దంటే నమ్మేత్తారు, పిచ్చిమొహాలు."

ఊళ్లో సగం కిటికీలు మూసే ఉన్నాయి. పారిస్ వాళ్లు, ఇంగ్లండు వాళ్లు కొనుక్కుని వేసవిలో మూడు వారాలుండే ఇళ్లవి. ఏడాదంతా ఉండేవాళ్లు డెబ్భైమంది లోపే. చర్చి పక్కన బడి, ఒకటే పెద్ద గది, పదకొండు మంది పిల్లలు, ఒక టీచరు. పక్కన వంటగది, పైన రత్నంగారి గది. వచ్చే ఏడాదికి తొమ్మిదిమందే తేలుతున్నారట. ఆరోజే విద్యాశాఖ అధికారి తలలు లెక్కపెట్టుకోవడానికి వస్తున్నాడని, బడి ఉండేదీ లేనిదీ ఆయన రాసేదాన్ని బట్టే తేలుతుందని రత్నంగారు అప్పుడు చెప్పారు. "ఎవరి ముందూ ఏడవకూడదని పొద్దున్నే ఉల్లిపాయలు తరిగేశానండి, ఆ పేరు చెప్పి ఏడుపు అయిపోయింది" అన్నారు పొయ్యి వైపు తిరిగి.

పదకొండున్నరకి అధికారి వచ్చాడు. యాభై ఏళ్లవాడు, బక్కపల్చగా, చంకలో ఫైలు. ఇరవై నిమిషాలే ఉంటానన్నాడు. లెక్కపెట్టాడు, టీచరుతో మాట్లాడాడు, మేయరు ఇచ్చిన సంతకాల కాగితాలు ఫైలులో పెట్టుకున్నాడు. భోజనం చేస్తారా అని మేయరు అడిగితే వద్దన్నాడు. మేయరు నమ్మేసింది.

రత్నంగారు నమ్మలేదు. చేతిలో గరిటెతోనే ఆయనకీ గుమ్మానికీ మధ్య నిలబడి, ఫ్రెంచిలో ఏదో గడగడా అన్నారు. ఆయన మళ్లీ వద్దన్నాడు. ఆవిడ మళ్లీ అన్నారు. మూడోసారికి ఆయన చేతిలో పళ్లెం ఉంది. ఏమన్నారని తర్వాత అడిగితే, "మా ఊళ్లో అన్నం ఏళప్పుడు మనిషిని పంపరండి అన్నాను, అంతే" అన్నారు. పంపకపోవడం సరే. నేను ఆశ్చర్యపోయింది ఆయన్ని ఎక్కడ కూర్చోబెట్టారన్నదానికి. టీచరు బల్ల దగ్గర కాదు. పిల్లల మధ్య, పిల్లల పొట్టి కుర్చీలో. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి పాపం.

మా బడికి అధికారి వస్తే మేమేం చేస్తాం? ఆఫీసు గదిలో ఫ్యాను కింద కూర్చోబెట్టి, కొబ్బరిబొండాం కొట్టించి, జీడిపప్పు ఉప్మా తెప్పిస్తాం. పిల్లల గొంతు వినపడకుండా తలుపు దగ్గరికేస్తాం. దాన్నే మర్యాద అనుకున్నాను ఇరవై ఆరేళ్లు.

కొత్త గుత్తితో ఎనిపిన పప్పు, అన్నం, కరిగించిన వెన్న, గింజలు తీసిన ఒకే ఒక్క మిరపకాయ. ఆయన పక్కన ఆరేళ్ల పిల్ల కూర్చుంది. లోయ అవతలి పొలాల నుంచి వ్యానులో వస్తుందట. ఆయన ఏదో అడిగాడు, ఆ పిల్ల నమలడం ఆపకుండా చెప్పింది. రత్నంగారు నా చెవిలో అనువదించారు. "ఎన్నింటికి లేత్తావని అడిగాడండి. ఆరింటికంటే ముందే అంది. ఈ బడి లేకపోతే ఇంకో ముప్పావుగంట ముందు లేవాలి." ఇంకో నాలుగు ముద్దలు తిన్నాక ఆ పిల్ల తల వాలింది. చెంచా చేతిలోనే ఉంది. వెళ్లి వెళ్లి ఆయన కోటు చెయ్యి మీద వాలి నిద్రపోయింది.

ఆయన కదల్లేదు. వాచీ ఆ చేతికే ఉంది, చూసుకోవడానికీ లేదు. మిగిలిన అన్నం ఎడమ చేత్తో తిన్నాడు. టీచరు పిల్లని ఎత్తుకోబోతే తల అడ్డంగా ఊపాడు. పిల్లలందరూ చెప్పకుండానే గుసగుసల్లోకి దిగారు. అలా నలభై నిమిషాలు. నేను గోడకి ఆనుకుని నిలబడి, ఉల్లిపాయలు లేకుండానే ఏడ్చాను.

పప్పన్నానికి అధికారి కరిగిపోయి బడిని కాపాడాడని రాస్తే మీకు బాగుంటుంది. రాయను. రెండు వారాల తర్వాత రత్నంగారి వాయిస్ మెసేజీ వచ్చింది. "ఒక్క ఏడాది ఉంచుతారంటండి. ఒక్కటే. మేయరమ్మ అప్పుడే వచ్చే ఏటి కాగితాలు మొదలెట్టింది." బడిని నిలబెట్టింది ఆరోజు మేయరు ఇచ్చిన సంతకాల కాగితాలే. డెబ్భైమంది కూడా లేని ఊళ్లో అరవై మూడు సంతకాలు. వాటిలో బడికెళ్లే పిల్లలున్న ఇళ్లు ఆరే. మిగిలినవాళ్లు ముసలివాళ్లు, ఒంటరివాళ్లు, పెళ్లే చేసుకోని గొర్రెల కాపరులు. పొద్దున్న కిటికీ తెరిస్తే పిల్లల గోల వినపడాలని సంతకం పెట్టారట. రాతి గోడలు ఆరువందల ఏళ్లు ఊరికే నిలబడవు. ఎవరో ఒకరు అక్కడ కాపురం ఉండి, పిల్లల్ని కని, కప్పు కారితే ఎక్కి సర్దుకుంటేనే నిలబడతాయి. అధికారి చేసింది చిన్న పని. ఒక పిల్ల లేచే దాకా కూర్చున్నాడు. మా బడిలో రిజిస్టర్లు ఆటోలో పెట్టిన రోజు, మనలో ఎవరమూ ఆ మాత్రం కూర్చోలేదు. నేను కూడా.

వెళ్లేవాళ్లకి ఒక్క సూచన. ఆ పల్లె బస్సులు బడి ఉన్న రోజుల్లోనే సరిగ్గా తిరుగుతాయి. ఆదివారాలు, సెలవులు చూసుకోకుండా వెళితే కొండ కింద చిక్కుకుంటారు, టాక్సీకి అరవై యూరోలు పోస్తారు. సాయంత్రం నాలుగూ నలభై బస్సు తప్పితే ఆరోజుకి ఇంకోటి లేదు.

ఇక మన సంగతి. ఇవి నా డిమాండ్లు.

బడిని మూసే ముందు, కలిపే ముందు, ఆ ఊళ్లో అందరి ముందు సభ పెట్టాలి.

ఆ కాగితం మీద సంతకం చేసే అధికారి ముందుగా పిల్లల వరసలో నేల మీద కూర్చుని మధ్యాహ్న భోజనం తినాలి.

పిల్లలు నడిచే కాలవగట్టు మీద, వానాకాలంలో, పుస్తకాల సంచీతో ఆయన కూడా ఒకసారి నడవాలి.

బడి వంట చేసేవాళ్లకు నెలనెలా, తిండి గడిచే జీతం ఇవ్వాలి.

పసుపు బస్సుకి పిల్లల్ని పంపే మీరు కూడా ఊరి బడి కాగితం మీద సంతకం పెట్టాలి.

మా బడికి మూడు, నాలుగు, ఐదు తరగతులు తిరిగి ఇవ్వాలి. ఈ జూన్‌లో, తలుపులు తెరిచే రోజుకే ఇవ్వాలి.