కొత్త మంచు మీద నా అడుగులు

జ్డ్యార్ ఊరి బడిలో నాలుగో తరగతి దాటనివాణ్ని నేను. అయినా టాట్రా కొండల మీది బసలకు ముప్పైయెనిమిదేళ్లు సామాన్లు మోసింది ఈ వీపే. ఇనప పొయ్యిని ఒక్కణ్నే ఎక్కించాను. నూటపది కిలోలు మోసిన రోజులున్నాయి. ఇప్పుడు గిన్నె ఎత్తితే చెయ్యి వణుకుతుంది, అది వేరే సంగతి. ఈ రాత అలోయిజ్ బెనికా గురించి.

ఆయన కెజ్‌మారోక్‌లో గడియారాలు బాగుచేసేవాడు. ఆదివారాలన్నీ మంచుకొండల ఫొటోలకే. రంగుల ఫొటోలంటే గిట్టదు. "మంచుకి తెలుపొక్కటే అనుకుంటున్నావా? నలభై తెలుపులున్నాయిరా ఆండ్రెజ్! నీకు జున్ను తెలుపు తప్ప ఏం తెలుసులే," అనేవాడు. ఆయన చెక్క కెమెరా, ఫొటో పడే గాజు పలకలు ఇరవైరెండేళ్లు నేనే మోశాను. ఒక్క పలకా పగల్లేదు.

ఇరవైరెండో ఏట ఆయన మోకాళ్లు అరిగిపోయాయి. ఇదే ఆఖరు ఎక్కడం అన్నాడు వైద్యుడు. లడోవీ శిఖరం మీద తొలిమంచు, పక్కనుంచి పొద్దుటి వెలుగు, ముందు ఒక్క మచ్చ లేని మంచుమైదానం. ఇన్నేళ్లలో ఆయనకి దక్కని ఫొటో అదొక్కటే. బసలో తొమ్మిది రోజులు కాచుకున్నాం. పదోనాడు తెల్లారేసరికి మంచు పడి, ఆకాశం తేటపడింది.

మా మోతగాళ్ల పద్ధతి ఒకటుంది. కొత్త మంచులో అతిథి కాలు పెట్టకముందే మేం తొక్కి దారి చెయ్యాలి. ఆయన బూట్లు కట్టుకునేలోగా వెళ్లి, బస ముందున్న ఆ మైదానం నడిమధ్యగా చక్కటి దారి తొక్కి వచ్చాను.

ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఎవడు తొక్కమన్నాడురా?"

"మీ మోకాళ్ల కోసమే, బెనికా గారూ..."

"గొర్రెల మందని తోలినా ఇంత పాడయ్యేది కాదు కదరా!"

ఆయన్ని మోతచట్రం మీద కూర్చోబెట్టి వీపుకెత్తుకున్నాను. కెమెరాతో కలిపి ఎనభైయారు కిలోలు. తొక్కని మంచు కోసం అవతలి గట్టు మీదికి రెండు గంటలు ఎక్కాను.

"దించరా, చస్తావు!"

"మీరు కదలకండి, ఇద్దరం చస్తాం."

తీరా చేరేసరికి పొద్దెక్కిపోయింది. నీడలన్నీ పోయి కొండ ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంది. ఆయన కెమెరా మీది నల్లగుడ్డలో తలదూర్చి చాలాసేపు చూశాడు. పలక మాత్రం కెమెరాలో పెట్టలేదు.

"సర్దెయ్," అన్నాడు.

కొండ దిగాం. కింద బండి దగ్గర నలుగురు మోతగాళ్లు చుట్టూ చేరారు. "ఫొటో కుదిరిందా పెద్దాయనా?" అని అడిగారు. పని చెడగొట్టిన మోతగాణ్ని మా వైపు మళ్లీ ఎవరూ పిలవరు. నేను నా బూట్ల కేసి చూస్తూ నిలబడ్డాను.

"మబ్బు పట్టింది," అన్నాడు బెనికా.

ఆ రోజంతా ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు. వాళ్లందరికీ తెలుసు. ఒకడు బండి తలుపు తీసి, ఆయన ఎక్కడానికి చెయ్యి అందించాడు.