పైనుంచి మూడు, కిందనుంచి రెండు

మా గనిలో పనిచేసే చిన్నన్న మాట్లాడితే పక్కనున్నవాడికి కూడా సరిగా వినపడదు గానీ, రాయి మాట్లాడితే చిన్నన్నకు వినపడుతుంది. కడపలో మా అంగడికి వచ్చిన ప్రతి కొనుగోలుదారుకూ ఈ మాట చెప్పేవాణ్ణి. 'చిన్నన్న సుత్తి తాకిన బండలే మా బండలు' అని కంపెనీ కాగితాల మీద అచ్చు కూడా వేయించాను. వ్యాపారస్తుణ్ణి, ఏ మాటకు రాయి అమ్ముడుపోతుందో నాకు బాగా తెలుసు.

చిన్నన్నకు ఇప్పుడు యాభై ఎనిమిదేళ్లు. ఎర్రగుంట్ల దగ్గరున్న మా నాపరాళ్ల గనిలో పదహారో ఏట నుంచి పని. చదువు లేదు. చొక్కా జేబులో ఎప్పుడూ అరచేతిలో ఇమిడే సుత్తి ఒకటి ఉంటుంది. ఏ కొత్త చోటికి పోయినా ముందు నేలను కొట్టి చూస్తాడు, తర్వాతే కూర్చుంటాడు. పెళ్లిచూపులకు పోయినప్పుడు ఆ ఇంటి అరుగును బాగా చూశాడని, పిల్లను మాత్రం సరిగా చూడలేదని గనిలో ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. మంచి రాయి కంగుమంటుంది, లోపల పగులున్న రాయి మూగగా పలుకుతుంది. అంతవరకు నాకూ తెలుస్తుంది. చిన్నన్న మాత్రం పగులు ఎంత లోతున ఉందో, ఎటు పోతోందో, బండ ఇంకెన్ని రోజులు ఆగుతుందో చెప్పేవాడు. చెడ్డ బండ మీద సున్నంతో ఇంటు గుర్తు పెట్టేవాడు. ఆ గుర్తు చూస్తే దాని కిందికి ఏ కూలీ దిగడు.

గనిలో ఇంకో కట్టుబాటు ఉంది. పైనున్నవాడు ఏ బండనైనా కదిలించే ముందు గడ్డపారతో మూడు దెబ్బలు కొట్టాలి. కింద గుంతలో మనిషి ఉంటే రెండు దెబ్బలు కొట్టి బదులివ్వాలి. నేనిక్కడ ఉన్నాను, ఆగు అని దానర్థం.

చిన్నన్న తమ్ముడు సోమశేఖర్ పన్నెండేళ్ల క్రితం ఆ గుంతలోనే బండ మీద పడి చచ్చిపోయాడు. అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ఆ పొద్దున ఆ బండల వరసంతా కొట్టి చూసి, గుర్తులు పెట్టి, ఒంటిమిట్ట రాములవారి కల్యాణానికి బస్సెక్కింది చిన్నన్నే. పడిన బండ మీద మాత్రం ఇంటు గుర్తు లేదు. "గుర్తు పెట్టినట్టే ఉండాదే" అని తిరిగొచ్చిన రోజంతా గొణుక్కున్నాడు. మరుసటి రోజు నుంచి ఆ మాట మానేశాడు. తన చెవే తప్పిందని తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు. వాళ్లమ్మ మద్దమ్మ కూడా అదే నమ్మింది. ఒకే ఇంట్లో ఉంటూ పన్నెండేళ్లుగా పెద్దకొడుకుతో ఒక్క మాట మాట్లాడలేదు. కోడలు కంచం పెడితే తింటుంది, చిన్నన్న పెడితే ముట్టదు.

గుర్తు పెట్టింది చిన్నన్న. తుడిచింది నేను.

అప్పుడు నాకు ఇరవైనాలుగేళ్లు. లారీ వచ్చి నిలబడి ఉంది, ఆ వరస తీస్తే గానీ లోడు నిండదు. మా నాన్న గంగాధరం ఊళ్లో లేడు. ఆయన వచ్చేసరికి లోడు పంపించి మెప్పు పొందాలని నా ఉబలాటం. తడి గోనెపట్టాతో సున్నాన్ని రుద్దేశాను. ఏమవుతుందిలే అనుకున్నాను. గుర్తు లేదు కదా అని సోమశేఖర్ కిందికి దిగాడు. నేను పైనుంచి గడ్డపారతో మూడు దెబ్బలు కొట్టాను. కిందనుంచి రెండు వచ్చాయి. ఆ చప్పుడు ఆగకముందే బండ తనంతట తానే జారింది.

ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ బండను అమ్మడానికి నాన్న ఒప్పుకోలేదు, షెడ్డు వెనక బోర్లా పడేయించాడు. నాన్న పోయాక, రెండేళ్ల క్రితం, మలేషియాలోని పినాంగ్ నుంచి ఒక బేరం వచ్చింది. కృష్ణవేణమ్మ అని, తాతల కాలంలో అక్కడికి వలసపోయిన తెలుగింటి మనిషి. పాత ఇంటిని లాడ్జిగా నడుపుకుంటోంది. దాని లోపలి వాకిట్లో తెలుగుదేశపు రాళ్లు పరిపించాలని ఆమె ముచ్చట. చిన్నన్న సెలవు పెట్టిన రోజు చూసుకుని ఆ బండను పొరలు తీయించి, అంచులు కోయించి ఆమె లోడులో కలిపేశాను. సముద్రం దాటితే పీడ విరగడవుతుందనుకున్నాను. వ్యాపారంలో నేను చేసిన మోసం ఇదొక్కటే అని చెప్పను గానీ, నాకు నిద్ర లేకుండా చేసింది మాత్రం ఇదే.

ఈ ఏడు ఫిబ్రవరిలో ఆమె ఫోన్ చేసింది.

"మీ రాళ్లు బదులు చెప్తున్నాయి బాబూ. పైన ఎవరైనా మూడుసార్లు కొడితే కిందనుంచి రెండుసార్లు కొడుతున్నారు. దిగినవాళ్లు దిగినట్టే పెట్టెలు సర్దుకుని పోతున్నారు."

రాళ్లు వాపసు తీసుకుంటానన్నాను.

"ముందు మీ చిన్నన్నను పంపండి. కాగితం మీద గొప్పగా వేసుకున్నారు కదా. ఆయన వచ్చి వినాలి. లేదంటే రాళ్లు కొనేవాళ్లందరికీ ఈ ముక్క చెప్తాను" అంది.

తప్పలేదు. చిన్నన్నకు పాస్‌పోర్ట్ చేయించాను. ఆమె లాడ్జిలోనే గదులిస్తానంది. నేను వద్దని, ప్రపంచమంతా ఒకే పేరుతో ఉండే ఒక పెద్ద హోటల్లో రెండు గదులు తీసుకున్నాను. చిన్నన్నకు సముద్రం చూపించి, మంచి తిండి పెట్టించి, లాడ్జికి నేనొక్కణ్ణే పోయి బతిమాలుకుని రావాలని నా ఎత్తు. ఆ రాయికీ ఆ చెవికీ మధ్య పద్నాలుగు అంతస్తులు ఉంటే చాలనుకున్నాను.

హోటల్ గదిలోకి అడుగుపెట్టగానే చిన్నన్న జేబులోంచి సుత్తి తీశాడు. గోడను కొట్టాడు. ఇంకో గోడను కొట్టాడు. వంగి తివాచీ అంచు ఎత్తి చూశాడు.

"ఏమప్పా, నన్ను అట్టపెట్టెలో పెట్టినట్టుండాదే. దేంట్లోనూ ఏమీ లేదు."

"ఇంత మంచి హోటల్ ఈ ఊర్లో ఇంకోటి లేదు చిన్నన్నా. ఏ దేశానికి పోయినా ఇట్లనే ఉంటాది. అదే మంచం, అదే సబ్బు, అదే టిఫిను."

"యాడికి పోయినా ఒకటే ఉంటే, పోయినట్టు ఎట్ల తెలుస్తాదప్పా?" అన్నాడు. మంచం మీద కూర్చోలేదు. "ఆయమ్మ లాడ్జికే పోదాం పా. మన రాళ్లు పరుచుకోనుండాదంట. మనమే ఆడ పండుకోకపోతే ఏమనుకుంటాది?"

"ఆడ ఏసీ ఉండదు. స్నానాల గది అందరికీ ఒకటే."

"కాలి కింద ఏముండాదో తెలీకుండా ఈడ ఎట్ల పండుకోవాల?"

అది తెలియకుండా ఉండటానికే ఇక్కడ దిగానని చెప్పలేను కదా. కసురుకున్నాను. నోరు మూసుకుని పడుకో అన్నాను. నాకంటే ఇరవై రెండేళ్లు పెద్దవాడు, ఆ మాటకు తల వంచుకున్నాడు. నాకు సిగ్గేసింది. అయినా తలుపు వేసుకుని నా గదికి పోయాను.

పొద్దున టిఫిన్‌కు పిలుద్దామని పోతే గది ఖాళీ. కౌంటర్‌లో అడిగితే, ఆరింటికే సంచి తగిలించుకుని, లాడ్జి అడ్రసు రాసిన చీటీ చేతిలో పట్టుకుని టాక్సీ ఎక్కాడన్నారు. చెప్పులు సరిగా వేసుకోకుండానే నేనూ టాక్సీ ఎక్కాను. ఎక్కి ఏం చేయాలనుకున్నానో నాకే తెలియదు.

పాత మేడ అది, చెక్క కిటికీలు, మధ్యలో ఆకాశం కనపడే వాకిలి. తొమ్మిది గంటల ఎండ నేరుగా బండల మీద పడుతోంది. చిన్నన్న బోర్లా పడుకుని చెవి రాయికి ఆనించి ఉన్నాడు. స్తంభం పక్కన తెల్లజుట్టు మనిషి ఒకామె కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఆమే కృష్ణవేణమ్మ.

"వచ్చినప్పటి నుంచీ ఇంతే. కాఫీ కూడా ముట్టలేదు" అంది మెల్లగా.

"కూచో అప్పా" అన్నాడు చిన్నన్న, తల తిప్పకుండానే. సుత్తి ఎత్తి మూడుసార్లు కొట్టాడు.

కిందనుంచి రెండు వచ్చాయి.

వీధిలో బళ్లు పోతున్నాయి. పక్కింట్లో ఎవరో రేడియో పెట్టారు. అంత పట్టపగలు, అంత సందడిలో కూడా ఆ రెండూ స్పష్టంగా వినపడ్డాయి. ఇనుము రాయికి తగిలిన చప్పుడు.

"ఒకసారి తవ్వించాను. ఇసుక తప్ప ఏమీ లేదు" అంది కృష్ణవేణమ్మ.

"మావోడే" అన్నాడు చిన్నన్న. "రెండో దెబ్బ ఎప్పుడూ మెల్లగా కొడతాడు. వానికి మణికట్టు నొప్పి."

నాకు తెలుసు. ఆ రోజు కూడా రెండోది మెల్లగానే వినపడింది.

చిన్నన్న లేచి కూర్చున్నాడు. "ఈ రాయి శానా చెడ్డదప్పా. కొడితేనే ఏడుస్తాండాది. ఇంత చెడ్డ రాయిని నేను బాగుండాదని ఎట్ల వదిలిపెడతి?" అంటూ పక్కనున్న బకెట్లోంచి చెంబుతో నీళ్లు తీసి బండ మీద పోశాడు. నాపరాయి తడిస్తే నల్లబడుతుంది. అదీ నల్లబడింది. ఒక్క చోట మాత్రం నల్లబడలేదు. అడ్డంగా ఒక గీత, దాన్ని కోస్తూ ఇంకో గీత, జానెడు పొడుగున తెల్లగా పైకి తేలాయి. నా గోనెపట్టా తుడిచింది పైపైన మాత్రమే.

చిన్నన్న ఆ రెండు గీతల మీదా వేలు పోనిచ్చాడు. తర్వాత నా వైపు చూశాడు.

"దీన్ని ఎవురు తుడిచిరి?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఏ కూలీవాడో అనో, వాన పడిందనో చెప్పవచ్చు. కింద ఉన్నవాడు వింటున్నాడనిపించింది.

"నేనే చిన్నన్నా" అన్నాను. లారీ సంగతి, గోనెపట్టా సంగతి అంతా చెప్పాను.

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. అతను నన్ను పట్టించుకోలేదు. రెండు చేతులూ ఆ గుర్తు మీద ఆనించి, వంగి, చిన్నపిల్లవాడిలా బావురుమన్నాడు.

"నా చెవి బాగానే ఉండాది సోమా. నా చెవి బాగానే ఉండాదిరా" అని ఆ రాయితో చెప్పుకున్నాడు. ఎన్నిసార్లు చెప్పాడో నేను లెక్కపెట్టలేదు. కృష్ణవేణమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ లోపలికి పోయింది.

చివరికి ముఖం కడుక్కుని వచ్చి ఒక్కటే అడిగాడు. "ఈ మాట మాయమ్మకు నువ్వే చెప్పల్ల. నేను చెప్తే నమ్మదు."

"చెప్తా" అన్నాను.

ఆ రోజు అతను నాతో రాలేదు. ఆ బండల మీదే చాప పరుచుకుని పడుకున్నాడు, మర్నాడు బాగా పొద్దెక్కేదాకా లేవలేదట. ఆ రాత్రి తర్వాత రాళ్లు పలకడం మానేశాయని కృష్ణవేణమ్మ నాకు ఫోన్‌లో చెప్పింది. ఎన్నిసార్లు కొట్టినా ఉలుకూ పలుకూ లేదంది. ఆ మాట వినగానే నా గుండెల మీద బరువు దిగింది. హోటల్ మంచం మీద వెల్లకిలా పడుకుని తీరిగ్గా ఆలోచించాను. మద్దమ్మకు ఎనభై ఏళ్లు. ఈ వయసులో ఆమెకు చెప్పి ఏం లాభం? చిన్నన్నకు ఒక ఇల్లు కట్టిస్తే సరిపోతుంది. అతని కొడుకు పెళ్లికి నేనే నిలబడతాను. మనిషి ఏదో ఒకటి చేసుకుని ముందుకు పోవాలి కదా అనుకున్నాను.

అప్పుడు తలుపు చప్పుడైంది. గది శుభ్రం చేసే అమ్మాయి. మూడుసార్లు కొట్టింది.

తివాచీ కిందనుంచి రెండు వచ్చాయి. రెండోది మెల్లగా.

పద్నాలుగో అంతస్తు అది. కింద ఇంకో గది, దాని కింద ఇంకోటి. రాయి అన్నదే లేని కట్టడం. నేను కదల్లేదు. ఆ అమ్మాయి మళ్లీ మూడుసార్లు కొట్టింది. మళ్లీ రెండు వచ్చాయి. తిరుగు ప్రయాణంలో చెన్నైలో అలాంటి హోటల్లోనే ఒక పూట దిగాను. అదే మంచం, అదే సబ్బు. అక్కడా తలుపు మూడుసార్లే కొట్టారు.

చిన్నన్నను తిన్నగా గనికి పంపించి, నేను మరుసటి రోజు సాయంత్రం నాలుగింటికి వాళ్ల ఇంటికి పోయాను. ముద్దనూరు దారిలో ఊరి చివర ఇల్లు. కోడలు పనికి పోయినట్టుంది, తలుపు దగ్గరగా వేసి ఉంది. తలుపు కొట్టాను. మూడుసార్లు కొట్టానని కొట్టాకే గుర్తొచ్చింది.

నా కాళ్ల కింద గడప బండలోంచి రెండు వచ్చాయి.

లోపల దగ్గు ఆగిపోయింది. చేతికర్ర టకటకమంటూ తలుపు దాకా వచ్చి నిలిచింది.

"ఎవురు?" అంది మద్దమ్మ.

"నేనమ్మా, వాసుదేవ్‌ను. గంగాధరం శెట్టి కొడుకును."

"నువ్వు సరే నాయనా. నీతో వచ్చిందెవురు?" ఆమె గొంతులో భయం లేదు, ఆత్రం ఉంది. "రెండో దెబ్బ మెల్లగా కొడతాండాడే, వాడెవురు?"

"చెప్తానమ్మా. తలుపు తియ్యి" అన్నాను.