ఉప్పు డబ్బా చప్పుడు

నా తాగుడు సంగతి నాకంటే నా గొర్రెలకే బాగా తెలుసు. ఉదయగిరి కొండ కింద మేపుకొని సాయంత్రం తోలుకొస్తుంటే, దారి చీలే చోట మంద ఇంటివైపు తిరిగేది కాదు. బ్రాందీ షాపు వైపే తిరిగేది. నేను లోపలున్నంతసేపూ అవి బయట తుమ్మకాయలు ఏరుకు తినేవి మరి. ఏళ్ల తరబడి ఆ అలవాటు నేర్పింది నేనే.

కాళ్లకు నీరు పట్టాక నా భార్య నన్ను ఆత్మకూరు ఆస్పత్రికి లాక్కెళ్లింది. కొన్నాళ్లు అక్కడే ఉంచుకొని వణుకు తగ్గించారు. "బ్రాందీ మానేస్తా. ఖైనీ ఉండాది, మత్తిచ్చే నొప్పి మాత్రలు ఉండాయి, గడిపేస్తా" అన్నాను గొప్పగా. డాక్టరమ్మ నవ్వలేదు. మెదడులో సంతోషం పుట్టించే చోటు ఒకటుందట. పొగాకు దాన్ని నేరుగా తట్టి లేపుతుంది. బ్రాందీ, ఆ మాత్రలు దాని బ్రేకులు వదులు చేస్తాయి. ఏ దారిన పోయినా చేరేది అక్కడికే. రోజూ అట్లా పొంగిస్తే మామూలు సంతోషాలు దానికి ఆనవు. పైగా తాగకముందే, తాగే చోటు కనబడగానే పొంగడం మొదలుపెడుతుంది.

"ఉప్పు డబ్బా ఆడిస్తే చాలు, ఉప్పు నాలిక్కి తగలకముందే మంద ఉరికొస్తాది. అట్టనే గదా?" అంది నా భార్య.

"అంతేనమ్మా" అంది డాక్టరమ్మ.

నన్ను గొర్రెల్లో కలిపేశారని ఒళ్లు మండింది. ఇంటికొచ్చాక, మళ్లీ మంద తోలిన మొదటి సాయంత్రమే ఆ కోపం దిగిపోయింది. మంద షాపు వైపు తిరిగింది. దాన్ని మళ్లించే సాకుతో నా కాళ్లూ అటే పోయాయి. అంతలో వెనక డబ్బా చప్పుడు. ఇంటి దారిలో నా భార్య నిలబడి రాళ్ల ఉప్పు ఆడిస్తోంది. మంద మొత్తం అటు పరిగెత్తింది. నడిరోడ్డు మీద నేనొక్కణ్ణే మిగిలాను.

"ఏందయ్యా, గొర్రెలొచ్చినాయి, నువ్వు రావా?"

సిగ్గుపడుతూ వెళ్లాను. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. ఖైనీ, మాత్రలు కూడా డాక్టరమ్మ చెప్పినట్టే మెల్లగా వదిలించుకున్నాను. ఈ బతుకు నా భార్య పెట్టిన భిక్షే, ఎవరడిగినా ఇదే చెబుతాను.

ఇప్పుడు మంద తనంతట తానే ఇంటివైపు తిరుగుతుంది. ఆ మలుపులో నా కాలు మాత్రం ఒక్కోరోజు తడబడుతుంది. ఆమె ఇంకా వస్తూనే ఉంది. "గొర్రెలకి దారి తెలిసింది గదే, ఇంకా ఎందుకొస్తావు?" అన్నాను మొన్న.

మూత తీసి చూపించింది. ఉప్పు లేదు, నాలుగు గులకరాళ్లున్నాయి.

"గొర్రెల కోసమని నీకెవరు చెప్పినారు?" అంది.