బొంతలో మామ్మ వైపు

నాకు కుట్టు రాదని నాకు అర్థమవడానికి చాలా ఏళ్లు పట్టింది. చుట్టూ ఉన్నవాళ్లకి పది నిమిషాలు చాలింది.

తొంభైల మొదట్లో పెళ్లయి విశాఖపట్నం వచ్చాను. పాత ఊళ్లో, పూర్ణా మార్కెట్ వెనక సందులో, ఒక మేడ మీద రెండు గదుల్లో అద్దెకుండేవాళ్లం. మా ఆయనది స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. క్వార్టర్ కోసం పెట్టుకున్న అర్జీ ఉన్నచోటి నుంచి కదిలేది కాదు. ఆయన మాత్రం రోజూ షిఫ్టు బస్సులో కదిలేవారు. బి-షిఫ్టు వారం వస్తే పన్నెండు దాటగానే క్యారేజీ పట్టుకుని వెళ్లిపోయేవారు. ఆ వారాల్లో నాకు చేతినిండా ఖాళీ.

కింద వాటాలో ఇంటివాళ్లుండేవారు. ఇంటాయనకి మార్కెట్ పక్కన టైలరింగ్ దుకాణం. ఆయన తల్లిని సొంత మనవలు దాదీ అనేవారు, మిగతా వీధంతా మామ్మ అనేది. సన్నగా, పొట్టిగా, తెల్లచీర చెంగు తలమీంచి జారకుండా ఉండేది. కొడుకు వారానికోసారి దుకాణం నుంచి ఒక సంచీ తెచ్చి ఆవిడ ముందు పెట్టేవాడు. చొక్కా కాలేకపోయిన ముక్కలు, జాకెట్టు కావలసి ఆగిపోయిన ముక్కలు, ఎవరి కొలతలకీ అందకుండా మిగిలిపోయిన ముక్కలు. వాటన్నిటికీ మామ్మ చేతిలోనే ఒక దారి దొరికేది. బొంత.

బొంత కుట్టడం చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. చూడనివాళ్ల కోసం చెప్తాను. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాతచీరలు నాలుగైదు, ఒకదాని మీద ఒకటి చాప మీద పరవాలి. ముడతలు లేకుండా లాగి నాలుగు మూలలా రాళ్లు పెట్టాలి. పైన రంగురంగుల ముక్కలు అమర్చి, అంచుల నుంచి లోపలికి వరసలు వరసలుగా సన్నటి కుట్టు వేసుకుంటూ పోవాలి. తలా ఒక వైపు కూచుని నడిమధ్యకి చేరుకోవడమే పని. మా సందులో అన్నిటికన్నా కష్టం చీరలు ఆరబెట్టడం. హార్బరు వైపు నుంచి గాలి తిరిగిందంటే ఖనిజం దుమ్ము వచ్చి తీగ మీద బట్టల మీద వాలేది. తెల్లగా ఆరేసిన చీర గోధుమరంగులో ఇంట్లోకి వచ్చేది. రంగు అద్దించే ఖర్చు తప్పిందని మామ్మ సముద్రం వైపు తిరిగి సలాం పెట్టేది.

మా మూడో మనిషి చేపలక్క. జాలరిపేట నుంచి పొద్దున్నే గంపతో మార్కెట్‌కి వచ్చి, మధ్యాహ్నానికి గంప ఖాళీ చేసుకుని మామ్మ వాళ్ల వరండాలో వాలిపోయేది. నాకన్నా పదేళ్లు పెద్దది. రాగానే పెరట్లో చింతపండుతో చేతులు తోముకునేది. మామ్మ ఆ చేతుల్ని ముక్కు దగ్గర పెట్టుకుని పాసో ఫెయిలో చెప్పేది. ఫెయిలైతే మళ్లీ చింతపండు. అక్క వేసిన కుట్టు వల ముడిలాంటిది, బొంత చిరిగినా కుట్టు ఊడదు.

ఇక నా కుట్టు. కుట్టుకీ కుట్టుకీ మధ్య నుంచి ఆటో దూరిపోవచ్చని అక్క అనేది. మామ్మ మనసు మెత్తన కాబట్టి, ‘నీ కుట్టు విశాలంగా ఉంటుంది బేటీ’ అనేది. విశాల హృదయం సంగతి విన్నాను గానీ విశాలమైన కుట్టు గురించి అప్పుడే వినడం. అయినా నన్నెందుకు కూర్చోనిచ్చేవారంటే, బొంతకి నాలుగు వైపులుంటాయి, వాళ్లు ఇద్దరే. నేను మూడోది. నాలుగోది గోడది. నాకూ గోడకీ పెద్ద తేడా లేదని, కాకపోతే గోడ టీ అడగదని అక్క లెక్క.

ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకీ మామ్మ బొంత కుట్టింది. పుట్టబోయే బిడ్డ బొంతకి ఆవిడ పెట్టిన నియమం ఒకటుండేది. ఎంతమంది సాయం చేసినా, ఒక వైపు మొత్తం ఇంటి పెద్ద చేత్తోనే కుట్టాలి. ఆ వైపు ఇంకెవరూ సూది గుచ్చకూడదు. కొడుక్కి, కూతుళ్లకి, మనవలకి, అందరి బొంతల్లోనూ ఒక మామ్మ వైపు ఉండేది. సన్నగా, నూకలు వరసగా పోసినట్టుండే కుట్టు.

భీమిలిలో ఇచ్చిన మనవరాలు ఏడో నెలలో పురిటికి వచ్చింది. మామ్మ మునిమామ్మ కాబోతోంది. ఆరోజే పెట్టె తెరిచి, అన్నిటికన్నా మెత్తటి చీరలు నాలుగు తీసింది. ఇదివరకైతే చిన్నపిల్లల బొంత రెండు వారాల పని. ఈసారి ఎందుకో మామ్మ వైపు ముందుకు సాగడం లేదు.

కారణం నాకు ఒక సూది వల్ల తెలిసింది. కుట్టే మధ్యలో మామ్మ నా సూది అడిగి తీసుకుని తనది నా చేతిలో పెట్టేది. నా సూది బాగా నడుస్తోందని, తనది తుప్పు పట్టిందని అనేది. గంటకోసారి ఇదే. తుప్పంటూ ఏమీ కనబడేది కాదు. ఒకరోజు తీరిగ్గా చూస్తే ఆవిడ నాకిచ్చిన ప్రతి సూదీ దారం అయిపోయిన సూదే. మామ్మకి బెజ్జం కనబడటం లేదు. దారం ఎక్కించమని అడగడానికి నోరు రావడం లేదు.

మనవరాల్ని మెల్లగా కదిపితే చెప్పింది. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయట. ఆపరేషన్ చెయ్యాలని డాక్టర్ ఎప్పుడో చెప్పాడట. బొంతకి ఎన్ని పొరలుంటే అంత వెచ్చన, కంటికి ఒక్క పొర వచ్చినా చలే. కానీ మామ్మ ససేమిరా అంది. కోసిన కన్ను కనబడకపోతే? ఉన్న మసక కూడా పోతే? ఈ బొంతలో తన వైపు పూర్తయ్యాకే కత్తికి కన్నిస్తానంది. మనవరాలేమో, బిడ్డ పుట్టేసరికి దాదీ కళ్లు బాగుండాలని కూచుంది. ఇద్దరిలో ఎవరి మాట నెగ్గుతుందో నెలలు నిండేలోపు తేలిపోవాలి.

మర్నాటి నుంచి నేను మామ్మ రాకముందే పన్నెండు సూదులకి దారం ఎక్కించి దిండుకి గుచ్చిపెట్టేదాన్ని. ఏమిటివన్నీ అంటే, నాకు సూదులు పారేసుకునే అలవాటుంది కదా మామ్మా, ముందుజాగ్రత్త అన్నాను. ఆవిడ ఒకటి తీసుకుంది. అది అయిపోగానే ఇంకొకటి. నా కళాజీవితంలో సూది మొన వైపు చేతకాలేదు గానీ బెజ్జం వైపు మాత్రం నాకు తిరుగులేదు.

అంతటితో ఆగుంటే గొడవ ఉండేది కాదు. దారం దొరికినా దారి దొరకలేదు. మామ్మ వరసలు ముక్క అంచు దాటి ఎటో వెళ్లిపోతున్నాయి. పదిలో మూడు వరసలు తిన్నగా ఉంటే ఏడు వీధిలో పడి తిరుగుతున్నాయి. చేపలక్కా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇలా అయితే ఆవిడ వైపు పూర్తి కాదు, ఆపరేషన్‌కి ఒప్పుకోదు. తొందరగా పూర్తి చేయిస్తే రెండూ అవుతాయి. కుట్టు కాస్తా అప్పుడే కుట్ర అయింది.

మామ్మ నాలుగున్నరకి అసర్ నమాజుకి లోపలికి వెళ్లేది. కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుని, నమాజు ముగించి, కాసేపు తస్బీ పూసలు తిప్పుకుని వచ్చేసరికి పావుగంట. ఆ పావుగంటలో అక్క బ్లేడుతో పక్కదారి పట్టిన కుట్లు టకటకా విప్పేది, తన వల ముడైతే మామ్మ వేళ్లకి దొరికిపోతుందని నేను ఆ జాడలోనే తిన్నగా కుట్టేసేదాన్ని. తిన్నగా అంటే నా తిన్నగా. ఇలా నాలుగు రోజులు సాగింది. మామ్మ వచ్చి చేత్తో తడిమి, ఇవాళ బాగానే జరిగిందే అని సంబరపడేది. మాకు లోపల సిగ్గు, పైకి నవ్వు.

అయిదో రోజు నమాజు తొందరగా అయిందో, నా చెయ్యి ఆలస్యమైందో తెలీదు. అడుగుల చప్పుడు వినబడగానే గబగబా నాలుగు కుట్లు లాగి ముడేసి, ఏమీ ఎరగనట్టు నా వైపుకి జరిగిపోయాను. మామ్మ వచ్చి కూచుంది. అక్కకి ఇంటికెళ్లే వేళయింది. గంప కోసం లేచింది. అక్కతోపాటు బొంత కూడా లేచింది. మూలన పెట్టిన రాళ్లు దొర్లాయి, సూదుల దిండు బోర్లా పడింది. పాతచీరల మీద కూచున్న పాతచీర చెంగు నాకు వేరుగా ఆనలేదు. అక్క చెంగుని బొంతలో కలిపి కుట్టేశాను.

ఏమైందంటూ మామ్మ చెయ్యి చాపి తడుముకుంటూ వచ్చింది. బొంత అంచు, అంచు మీద చెంగు, చెంగు మీద కుట్టు. వేళ్లు అక్కడ ఆగాయి.

‘‘ఇది నా వైపు కదే’’ అంది. చెంగుని లాగి చూసి, ‘‘నా వైపు నిన్ను కుట్టిందెవరు?’’

నేను చెప్పాను. మొదట దుమ్ము గురించి, తర్వాత సూదుల గురించి, తిరిగి తిరిగి చివరికి అసలు సంగతి. మామ్మ కోప్పడలేదు. చేతిలో సూదిని దిండు కోసం వెతికి, దొరక్క, చాపకి గుచ్చింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

‘‘అయితే ఇన్ని రోజులూ నేను కుట్టనే లేదన్నమాట.’’

మనవరాలు గుమ్మంలో నిలబడిపోయింది. చేపలక్క మాత్రం, బొంతకి కుట్టుకుపోయి ఎటూ కదల్లేక, ఉన్నచోటే చతికిలబడి మొదలుపెట్టింది.

‘‘మా మావకి కళ్లు ఆనక రెండేళ్లయింది మామ్మా. వల సిరిగితే నానే ముడేత్తన్నాను. ఆ ముడి ఎవులేసినారని సేప అడిగిందేటి ఎప్పుడైనా?’’

‘‘నా మనవరాలి బిడ్డ చేప కాదు’’ అంది మామ్మ.

‘‘అదే కదా నాను సెప్తన్నాను. సేప అడగదు. పిల్ల పెద్దయ్యి అడుగుద్ది. బొంత ఎవులు కుట్టినారని కాదు. నాను పుట్టినప్పుడు నా మొకం నీకు కనబడిందా దాదీ అని అడుగుద్ది. ఏటి సెప్తావు?’’

హార్బరులో ఏదో ఓడ కూత వేసి ఊరుకుంది. చివరికి మామ్మ, ముందు దీన్ని విడదీయండి, దీని మొగుడు ఎదురుచూస్తుంటాడు అంది. నేను బ్లేడు తీసుకుని అక్కని బొంత నుంచి విడుదల చేశాను.

మర్నాడు పొద్దున కొడుకుని పిలిచి ఆసుపత్రికి ఎప్పుడు తీసుకెళ్తావని అడిగింది. మాకు రెండు షరతులు పెట్టింది. తన వైపు మేం కుట్టినదంతా విప్పెయ్యాలి. తను కుట్టినది ఎలా ఉన్నా వేలు పెట్టకూడదు. కన్ను వస్తే వచ్చి పూర్తి చేస్తుంది. రాకపోతే ఆ వైపు అలాగే ఉండిపోతుంది. ఆ చివరి మాట మామూలుగానే అంది గానీ, అంటున్నప్పుడు బొంత అంచుని వేలికి చుట్టుకుంటూనే ఉంది.

ముందు ఒక కంటికే చేశారు. ఆపరేషన్ రోజున నేనూ అక్కా వరండాలో కూచుని మా మా వైపులూ, గోడ వైపూ కుట్టాం. అక్క ఒక్క జోకైనా వెయ్యలేదు. నాకు అదే భయమేసింది. మామ్మ కంటికి పచ్చగుడ్డ కట్టుకుని ఇంటికొచ్చింది. కట్టు విప్పాక నల్ల కళ్లజోడు పెట్టారు. ఎలా ఉంది, కనబడుతోందా అని ఎవరు అడిగినా, ఇప్పుడే ఏం చెప్పను అనేది. ఆ కట్టూ కళ్లజోడు రోజుల మధ్యలోనే మనవరాలికి నొప్పులొచ్చి ఆడపిల్ల పుట్టింది. మూడు వైపులు కుట్టిన బొంత మీదే పిల్లని పడుకోబెట్టారు.

నల్ల కళ్లజోడు తీసేసి, కొత్త అద్దాలు పెట్టుకున్న రోజు కబురొస్తే కిందికి పరిగెత్తాను. చేపలక్క నాకన్నా ముందే ఉంది. మామ్మ పిల్ల మీదికి వంగి ఉంది. ఎంతసేపటికీ ఎత్తదు. అక్క ఉండబట్టలేక, ‘‘ఏటి మామ్మా, కనబడతన్నాదా?’’ అంది.

‘‘ముక్కు తండ్రిది. ఏం చేస్తాం’’ అంది మామ్మ. మనవరాలు నవ్వుతూ ఏడ్చింది. అక్క చెంగుతో మొహం తుడుచుకుని, చెమట పడుతోందంది. అది మాఘమాసం.

తర్వాత మామ్మ పిల్లని తల్లికిచ్చి బొంత ఒళ్లోకి లాక్కుంది. అక్క వైపు చూసి తలాడించింది. నా వైపు చూసి, చాలా విశాలంగా ఉంది బేటీ అంది, ఈసారి నవ్వకుండా. అప్పుడు తన వైపు తిప్పింది. అక్కడ ఒక వరస ఎర్రముక్క మీద మొదలై, అంచు దాటి, పసుపుముక్కలోకి వెళ్లి, మళ్లీ ఏదో మర్చిపోయినట్టు వెనక్కొచ్చింది. అద్దాలు సర్దుకుని దాన్నే చూస్తూ ఉండిపోయింది.

‘‘ఇది విప్పలేదేం? ఇది నీదే.’’

అది నాది కాదు. దిండుకి సూదులు గుచ్చడం మొదలుపెట్టిన రోజుల్లో ఆవిడ వేసిందే. విప్పుతున్నప్పుడు అక్కా నేనూ ఆ వరస దగ్గర ఆగి, ఇది మామ్మదే, ముట్టుకోకూడదని వదిలేశాం. అక్క నా వైపు చూసి, వెంటనే గంపలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టింది.

‘‘నాదే మామ్మా. మర్చిపోయాను’’ అన్నాను.

మామ్మ బ్లేడు తెప్పించి ఆ వరసని తనే విప్పడం మొదలుపెట్టింది. ఒక్కో కుట్టూ లేపుతూ, చూశావా, ఇక్కడ చెయ్యి వణికింది, ఇక్కడ నీ మనసు ఎటో పోయింది, ఇక్కడైతే అసలు గుడ్డే చూడలేదు అని చెప్పుకుపోయింది. నేను పక్కన కూచుని ఊఁ కొట్టాను. వేలెడు మేరలో పది కుట్లు పడాల్సిన చోట ఎన్ని పడ్డాయో చూడమని, గోటితో ఒక్కొక్కటే చూపిస్తూ లెక్కపెట్టింది. నేనూ లెక్కపెట్టాను. మూడే.