గోదారి దండు పెద్దరికం

"...నాట్లు అయ్యేదాంక చూసుకో అన్న గని, ఎప్పటికీ నువ్వే ఉంచుకో అన్ననా?"

"దండు నీ మడి గాదన్నా, కౌలుకిచ్చి మళ్ల గుంజుకునేటందుకు."

కన్నయ్య చేతులకు బురద ఉంది. ఫోన్ స్పీకరు పెట్టి గట్టు మీద ఉంచాడు. అవతల మాట్లాడుతున్నది బామ్ని ఊరి సచిన్, ఇప్పుడు పుణెలో ఉద్యోగి. పోట్లాట ఫోన్లో ఆడే కోటల ఆటలోని ఒక జట్టు గురించి. ఆటలో దాన్ని గిల్డ్ అంటారు. కన్నయ్య దానికి గోదారి దండు అని పేరు పెట్టాడు.

అతను మహారాష్ట్ర సరిహద్దులోని సిరోంచలో నెట్ సెంటర్ నడిపిన రోజుల్లో దండు అంటే ఒక గదిలో కూర్చున్న మనుషులు. "ఎడమకు రారా" అని అరిస్తే పక్క కుర్చీవాడు వచ్చేవాడు, రాకుంటే వీపు మీద ఒకటి పడేది. ఆట ఫోన్లలోకి వచ్చాక గది అక్కర్లేకపోయింది. మనుషులు ఎవరి ఊళ్లో వాళ్లుండి ఆడసాగారు. కన్నయ్య నిజంగా పెద్ద అయింది అప్పుడే. ఏ ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎవడు ఏ పూట వలకు పోతాడో చూసుకుని యుద్ధానికి వేళ పెట్టేవాడు. మొదట్లో మిస్డ్ కాల్‌తో, తర్వాత వాట్సాప్‌లో అందర్నీ పోగు చేసేవాడు. పాతగూడెం విలాస్‌కు ఇంట్లో సిగ్నల్ అందదు. అతను బండి మీద ఇంద్రావతి వంతెనకు వచ్చి "ఆటల ఎక్కినన్నా" అనేదాకా యుద్ధం మొదలయ్యేది కాదు. ఆ ఆలస్యానికి కోటలు పోయాయి కూడా. ఎవరూ ఏమీ అనలేదు. రేపు ఆలస్యమయ్యేది తనే కావచ్చని ప్రతివాడికీ తెలుసు.

కన్నయ్య తల్లి గంగమ్మ నాట్ల ముఠాకు పెద్ద. ఆమె జ్వరంతో పడుకున్నా, చుట్టాలింటికి పోయినా ఇంకొకామె ముందు నిలుస్తుంది. గంగమ్మ మళ్లీ మడిలో దిగిన రోజు ఆ రెండో ఆమె తనంత తానే పక్కకు జరుగుతుంది. కన్నయ్యకు తెలిసిన పద్ధతి అదే. నాట్ల రోజుల్లో ఫోన్ ముట్టుకోవడానికి తీరదని ఆటలో పెద్దరికాన్ని సచిన్ పేరు మీదికి మార్చాడు. దానికి ఒక్క మీట నొక్కితే సరిపోయింది.

నాట్లయి చూసుకునేసరికి సచిన్ దండును నాగపూర్, హైదరాబాద్ ఆటగాళ్ల పెద్ద గిల్డ్‌లో కలిపేశాడు. మాట్లాడుకోవడానికి వేరే యాప్, అందులో ఒక్కో పనికి ఒక్కో గది. హాజరు మనిషి వేయడు, ప్రోగ్రాం వేస్తుంది. వేళ తప్పినవాళ్లను అదే ఏరి చూపిస్తుంది. ఎందుకు తప్పావని అడగదు.

"విలాస్‌ను పొద్దున తీసేసిన," అన్నాడు సచిన్.

"వాడు వానల తడుసుకుంట వంతెన మీద ఆడుతడు. ఎరికేనా నీకు?"

"ఎరికే. నేను గూడ నీ దండులనే పెరిగిన గదా. వాడు ఎక్కేదాంక నువ్వు ఆపుతుంటివి, మనం ఓడుతుంటిమి. వీళ్లు ఆగరన్నా."

"మరి నేను?"

"నీ పేరు పక్కన సంస్థాపక్, అంటే దండు పెట్టినోడు అని బంగారు రంగుల పెట్టిచ్చిన. ఇంకెవ్వలకు లేదు. ఊకె లొల్లి పెట్టకుంట ఉంటే ఉంటది."

"ఆ రంగున్నోని మాట ఎవ్వలన్న వింటరా?"

"నాకు మీటింగున్నదన్నా," అని సచిన్ పెట్టేశాడు.

పక్క మడిలో కలుపు తీస్తున్న గంగమ్మ నడుం ఎత్తింది. "ఏందిరా, ఆటల గూడ పెద్దరికం పోయిందా?"

"జర ఊకో అవ్వా."

"నాది పోతే బువ్వ పోతది. నీది పోతే ఏం పోతదిరా?"

నెట్ సెంటర్ మూతపడ్డాక అతన్ని ఏ పనికీ ఎవరూ సలహా అడగలేదు. పొలంలో తల్లి మాట చెల్లుతుంది, ఇంట్లో భార్య ప్రణాలి మాట. అతను రమ్మంటే నలుగురు వచ్చే చోటు ఆ దండు ఒక్కటే.

చేతులు కడుక్కుని యాప్ తెరిచాడు. అతని పేరు నిజంగానే బంగారు రంగులో ఉంది. దాని కింద ఎవరో హిందీలో, ఈయనెవరని అడిగారు. పాత మనిషి, ఉండనివ్వండి అని ఇంకెవరో రాశారు. అతను ఆ పేరును కాసేపు చూశాడు.

ఇంతలో విలాస్ ఫోన్ చేశాడు. వెనక గాలి హోరు, లారీ హారను.

"అన్నా, లోపలికి రానిస్తలేదు. నా ఫోనే ఖరాబైందా ఏంది?"

"ఫోన్ మంచిగనే ఉంది. తీసేసిండ్రు నిన్ను."

"నువ్వుండంగనా?"

కన్నయ్య తల్లివైపు చూసి గట్టు వెంట నాలుగడుగులు అవతలికి నడిచాడు.

"పోనీ తియ్యన్నా," అన్నాడు విలాస్. "నువ్వు గూడ బయటికి రా. మా ఊరోళ్లం ఉన్నం, అంకిస ఊరోళ్లు ఉన్నరు. మళ్ల మొదటి నుంచి పెడదాం. పది మందిమైనా మంచిదే. నువ్వెప్పుడంటే అప్పుడొస్తం."

గంగమ్మ పీకిన కలుపును గట్టు మీదికి విసిరింది.

"విలాస్," అన్నాడు కన్నయ్య, "నేను అండ్లనే ఉంటున్న. పేరన్న ఉన్నది గదా."