బంగారం మీద పసుపు

అలియాబాద్‌లో స్రవంతిని పెళ్లి వీడియోలు కుట్టే కోడలు అంటారు. ఆ మాట ఆమెకు ఇష్టం. నిజంగానే అది కుట్టుపని. ఎవరో తెచ్చిచ్చిన ముక్కలను కత్తిరించి, అంచులు కలిపి, గడిచిపోయిన ఒక రోజును మళ్లీ తొడుక్కునేలా చేయడం. సూరారంలో పుట్టింట ఉన్నప్పుడు ఒక స్టూడియోలో నేర్చుకుంది. ఈ ఊరికి వచ్చాక సొంతంగా దొరికిన మొదటి పెద్ద పని బాలనర్సయ్య బిడ్డ ఇషిత లగ్గం. శామీర్‌పేట చుట్టుపక్కల వెంచర్లలో బాలనర్సయ్య పేరు తెలియనివాళ్లు లేరు. ఈ వీడియో బాగా కుదిరితే వాళ్ల చుట్టాల పెళ్లిళ్లన్నీ ఆమె దగ్గరికే వస్తాయి. చెడితే ఇక ఎవరూ ఆమె గడప తొక్కరు.

కంప్యూటరు మాత్రం ఆమె పని కోసం పుట్టింది కాదు. ఆటలాడే కుర్రాళ్ల కోసం కంపెనీవాళ్లే బిగించి అమ్మే రకం. ఒక పక్కన అద్దం, లోపల రంగులు మార్చుకుంటూ తిరిగే ఫ్యాన్లు. "బోనాల లైటింగ్ లెక్కున్నది" అని అత్త సత్యమ్మ మురిసిపోయేది. ఆ వెలుగుల వెనక చోటు తక్కువ. పెళ్లంతా ఎక్కించేసరికి వీడియోలు దాచుకునే ఎస్ఎస్‌డీ నిండిపోయింది. ర్యామ్ చాలక తెర మీద బొమ్మ మెట్లెక్కుతున్న ముసలిమనిషిలా ఆగి ఆగి కదిలేది. కెమెరామన్ అరుణ్ తన మెమరీ కార్డులు చెరిపేసుకుని యాప్రాల్‌లో ఇంకో పెళ్లికి వెళ్లిపోయాడు. ఇషిత లగ్గం ఇప్పుడు లోకంలో ఒకే ఒక్క చోట ఉంది, చూపుడువేలంత ఉన్న ఆ ఎస్ఎస్‌డీ పట్టీలో.

మేడ్చల్ వెళ్లి ఇంకా పెద్ద ఎస్ఎస్‌డీ, ఒక జత ర్యామ్ కొనుక్కొచ్చింది. ఎస్ఎస్‌డీకి లోపల ఒకటే గాడి. పాతది బయటికి తీస్తేనే కొత్తది పడుతుంది. తీసిన పట్టీలనూ కొత్తవాటినీ స్టీలు పళ్లెంలో పక్కపక్కన పెట్టింది. ఇంతలో నీళ్ల ట్యాంకరు వస్తే వాకిట్లోకి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి పళ్లెంలో ప్రతి పట్టీ నుదుటా కుంకుమ ఉంది.

"అత్తమ్మా, గిదేంది?"

"కొత్త సామాను ఇంట్లకొస్తె బొట్టు వెట్టొద్దా? బండికి వెట్టిన, ఫిరిజ్‌కు వెట్టిన, బోరు మోటరుకు వెట్టిన. ఏదన్న చెడిపోయిందా?"

"పాతదానికి గూడ వెట్టినవా?"

"గదొక్కటి చిన్నబుచ్చుకోదా మరి?"

స్రవంతికి నవ్వొచ్చింది. ఎర్రగా కనిపించిన చోటల్లా మెత్తటి గుడ్డతో తుడిచి, కొత్తవి బిగించి, మీట నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి. రంగులు వెలిగాయి. తెర నల్లగానే ఉండిపోయింది. పాతవే తిరిగి పెట్టింది. అదే నలుపు. తీసి పెట్టింది, తీసి పెట్టింది. ఏదో కమిలిన వాసన సన్నగా వచ్చేదాకా ఆగలేకపోయింది.

ఆటోలో కంప్యూటరు డబ్బాను ఒళ్లో పెట్టుకుని మేడ్చల్ బయలుదేరింది. దారి పొడుగునా ఫంక్షన్ హాళ్లు. గేట్ల మీద పూలతో కూర్చిన పేర్లు, సగం వాడి, సగం రాలి. ఏ పేరు చదివినా ఇషిత అనే కనిపించింది. ఫోన్ మోగింది. తెర మీద కూడా ఆ పేరే. ఎత్తడానికి చెయ్యి రాలేదు.

సామాను అమ్మిన ఫణిభూషణ్ ర్యామ్ పట్టీని వెలుతురుకు ఎత్తి పట్టాడు. అడుగు అంచున బంగారు రంగు గీతల వరుస. గోటితో గీకి వాసన చూశాడు.

"చెల్లె, దీంతోని కూర గిట్ల వండినవా?"

"ఏందన్నా?"

"పసుపు. తడిపి పూసిన్రు."

స్రవంతికి అప్పుడు తెలిసింది. గడపకు చేసినట్టే, సత్యమ్మ ముందు అంచుకు పసుపు పూసి ఆ తర్వాతే బొట్టు పెట్టింది. బంగారం మీద పసుపు. తుడిచేటప్పుడు ఆమె కళ్లకు ఎరుపు ఒక్కటే కనిపించింది.

ఫణిభూషణ్ పెన్సిలు రబ్బరుతో గీతలన్నీ రుద్దాడు. ర్యామ్ బిగించాడు. తెర వెలిగింది. పాత ఎస్ఎస్‌డీని కూడా రుద్ది, వైరున్న చిన్న పెట్టెలో పెట్టి తగిలించాడు. పెళ్లి తంతుల పేర్లు వరుసగా కనిపించాయి. స్రవంతి ఊపిరి పీల్చుకునేలోపే మాయమయ్యాయి.

"తడి ఉండంగనే కరెంటు ఇచ్చినవ్ చెల్లె. లోపట ఏదో కాలింది. సల్లగైతే జెరసేపు కనబడ్తది, వేడెక్కంగనే పోతది. ఇంకెన్నిసార్లు లేస్తదో నాకు తెల్వది. మొదలు ఏది కావాల్నో చెప్పు."

"అన్నీ కావాలె అన్నా."

"అన్నీ అంటె ఒక్కటి గూడ రాదు. జల్దీ చెప్పు."

జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు. బాలనర్సయ్య మొదట అడిగేది తాళే. కానీ వాటికి ఫొటోలున్నాయి. ఫొటోగ్రాఫర్ దగ్గర భద్రంగా ఉన్నాయి.

"అప్పగింతలు" అంది.

అందులో ఏముందో ఆమె ఒక్కదానికే తెలుసు. ఆ రోజంతా వంటవాళ్ల మీద, డ్రైవర్ల మీద, అల్లుడి మేనమామ మీద కూడా అరిచిన బాలనర్సయ్య చివర్లో జనరేటర్ బండి వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. పట్టుకొమ్మని బిడ్డ ఇచ్చిన హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుని, టవల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. అరుణ్ ఆపడం మరిచిపోయిన కెమెరా అదంతా చూసింది. ఆయన ఇంట్లో ఒక్కరూ చూడలేదు.

అప్పగింతలు కొత్తదానిలోకి కాపీ అవుతుంటే తెర మీద ఆకుపచ్చ గీత నెమ్మదిగా పాకి చివరికి చేరింది. తాళి మొదలుపెట్టారు. సగంలో ఆగిపోయింది. టేబుల్ ఫ్యాన్ కింద పట్టీని చల్లార్చి మళ్లీ తగిలించారు. కొంచెం పాకి పోయింది. ఆ తర్వాత ఎంతసేపు చూసినా ఏమీ రాలేదు.

"ఇగ లేవది" అన్నాడు ఫణిభూషణ్.

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి ఎత్తింది.

"అక్కా, ఎప్పుడిస్తవని నాయిన అడుగుతున్నడు."

"ఇషితా, లగ్గం పోయింది. నా చేతులనే పోయింది."

"పోయిందంటె? మొత్తమా?"

"అప్పగింతలు మిగిలినయ్. తాళి సగం."

"అప్పగింతలు ఎవ్వలు జూస్తరక్కా..." ఏడ్చేసింది. ఫోన్ చేతులు మారింది.

"యాడున్నవ్?" బాలనర్సయ్య.

"మేడ్చల్ల సార్. ఫణన్న దుకాణంల."

"ఆడనే ఉండు. వస్తున్న."

స్రవంతి మిగిలిన ముక్కను తెర మీదికి తెచ్చి, జనరేటర్ బండి దగ్గర ఆపింది. ఇంకో కుర్చీ జరిపి పెట్టింది. వీధి చివర ఏ కారు మలుపు తిరిగినా లేచి చూస్తోంది. ఆయన ఒక్కడే వస్తే బాగుండు.