ఇంటికో వాటా, ఇంటికో మనిషి

మా పెద్దమ్మ పోయిందన్న కబురు వచ్చేసరికి నేను కాలేజీలో ఉన్నాను. ఏలూరులో ఇంటర్ పిల్లలకి సివిక్స్ చెబుతాను. ఆ రోజు పాఠం సగంలో ఉండగా అటెండరు గుమ్మం దగ్గర నిలబడి, "మేడంగారూ, ఫోనండి, ఊరినుంచి" అన్నాడు. కొల్లేటి ఊళ్ళనుంచి పట్టపగలు ఫోను వచ్చిందంటే ఏదో జరిగినట్టే. ఫోన్లో అన్నయ్య, పెద్దమ్మ కొడుకు. "అమ్మ లేదే" అన్నాడు. ఆ తర్వాత తను ఊపిరి కోసం పడుతున్న అవస్థ తప్ప ఇంకేమీ వినిపించలేదు. అన్నయ్యకి చిన్నప్పటినుంచీ ఉబ్బసం. ఏడుపు కంటే ముందు నాకు భయమే వచ్చింది. తను ఇక ఒక్కడే ఆ ఇంట్లో.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. సరస్సు మధ్య లంక గ్రామంలో ఉండేది. రోడ్డు ఉన్నంతవరకు ఆటో, ఆపైన దోనె. దోనె అంటే గెడతో నెట్టే చిన్న పడవ. పెదనాన్న చేపల వేటకి వెళ్ళి గాలివానలో తిరిగి రాలేదు. అప్పటికి అన్నయ్య నడక నేర్చుకుంటున్నాడట. ఆనాటినుంచి పెద్దమ్మకి ఆకాశమంటే నమ్మకం పోయింది. మాట్లాడుతూ మాట్లాడుతూ పడమటికి చూసేది. మబ్బు పడితే చేతిలో పని ఆగిపోయేది. ఏలూరు మా ఇంటికి వచ్చినా అంతే. చుట్టూ డాబాలు, కొల్లేరు ఎక్కడో ఉంది. అయినా గాలి వీస్తే లేచి వెళ్ళి తలుపు గడియ చూసి వచ్చేది. మేం నవ్వితే, "నవ్వండమ్మా, నవ్వేవాళ్ళు ఉండాలిగా" అనేది.

చిన్నప్పుడు సెలవులకి వెళ్తే పెద్దమ్మ వండే చేపల పులుసు కోసమే వెళ్ళినట్టుండేది. ఒకసారి అన్నయ్యకి రెండు ముక్కలు వేసి నాకు ఒకటే వేసింది. నేను అలిగాను.

"ఇద్దరికీ సమానంగా వెయ్యాలిగా పెద్దమ్మా."

"నీకు ఆకలుంది, వాడికి జబ్బుంది. రెండూ ఒకటేంటే?" అంది. తర్వాత కాసేపటికి తన కంచంలో ముక్క తీసి నాకు వేసింది. ఆ రోజు తను పులుసుతోనే తింది.

అప్పట్లో ఊరికి ఉమ్మడి చేపల చెరువు ఒకటి ఉండేది. సొసైటీ చెరువు అనేవాళ్ళు. చుట్టూ మట్టిగట్టు, గట్టు వెంబడి వెదురు కర్రలకి కట్టిన వల. పట్టుబడి రోజున చేప అమ్మగా వచ్చింది ఊరందరిదీ. అది ఎలా పంచుకోవాలన్న మాట మీద ఒక ఏడు పెద్ద గొడవ అయింది. నేను డిగ్రీ చదువుతున్నాను, ఆ వారం అక్కడే ఉన్నాను. సొసైటీ షెడ్డులో మీటింగు పెట్టారు. ప్రెసిడెంటుగారు మంచిమనిషే, కానీ విసిగిపోయి ఉన్నారు.

"చెరువుని ఏటా వేలం వేద్దామండి. ఊళ్ళో ఎవరైనా పాడుకోవచ్చు. పెద్దోడు, చిన్నోడు తేడా లేదు. అందరికీ సమానంగా అవకాశం ఇచ్చినట్టే కదండీ" అన్నారు.

ఆడవాళ్ళు వెనకవరసలో కూర్చున్నారు. పెద్దమ్మ లేచింది. తన చెయ్యి నా భుజం మీద ఉంది.

"పాడుకోడానికి అందరికీ నోరుందండీ. ఆ నోటికి వెనక బలం అందరికీ లేదు. ఒకసారి పాటలో పోయిన చెరువు మళ్ళీ మాలాంటోళ్ళ గుమ్మంలోకి రాదు. ఇంటికో వాటా వెయ్యండి. పెద్దిల్లయినా, చిన్నిల్లయినా ఒకటే వాటా."

చాలామంది అవునన్నారు. ప్రెసిడెంటుగారు, "సరేనండీ. వాటా సమానమైతే కష్టం కూడా సమానమే. గట్టు పని పడితే ఇంటికో మనిషి రావాలి. మాట తప్పకూడదు" అన్నారు.

"తప్పం" అంది పెద్దమ్మ.

ఇంటికి వచ్చాక కాళ్ళు కడుక్కుని పొయ్యి వెలిగించింది. నెగ్గిన సంతోషం ఎక్కడా కనపడలేదు. "నలుగురిలో నోరు పెద్దది చేశానే, దిష్టి తగులుద్దేమో" అని మాత్రం అంది.

ఆ తర్వాత వర్షాకాలంలో వినాయక చవితికి వెళ్ళాను. ముసురు మొదలై ఆగలేదు. ఎగువన బుడమేరు పొంగింది, తమ్మిలేరు పొంగింది. ఆ నీళ్ళన్నీ కొల్లేట్లోనే పడాలి. తెల్లారేసరికి అరుగు కింద ఉండాల్సిన నీళ్ళు అరుగుని తడుపుతున్నాయి. సొసైటీ మైకులో ప్రెసిడెంటుగారి గొంతు వినపడింది. గట్టు బలహీనంగా ఉంది, ఇసుక బస్తాలు వెయ్యాలి, ఇంటికో మనిషి రావాలండి అని.

అన్నయ్యకి ముందురోజు నుంచీ ఆయాసం. గోడకి ఆనుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని ఊపిరి పీలుస్తున్నాడు. ఇన్‌హేలరు అయిపోవచ్చింది. ఇంకోటి తేవాలంటే ఏలూరు వెళ్ళాలి, దోనె తీసేవాళ్ళు లేరు. మైకు మళ్ళీ పలికింది. అన్నయ్య లేవబోయాడు. పెద్దమ్మ భుజం పట్టుకుని కూర్చోబెట్టింది.

ఎదురింటి మావయ్య తన ముగ్గురు కొడుకుల్నీ వెంటపెట్టుకుని గట్టుకి వెళుతూ మా గుమ్మం ముందు ఆగాడు. చెడ్డగా ఏమీ అనలేదు. "అబ్బాయి రావట్లేదామ్మా? అడుగుతారేమో మరి" అన్నాడంతే.

"మా ఇంటినుంచి నేనొస్తున్నానండి" అంది పెద్దమ్మ.

నేను వద్దన్నాను. ప్రెసిడెంటుగారితో నేను మాట్లాడతానన్నాను. కొంగు బిగించి కట్టుకుంటూ నావైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ధైర్యం కాదు. గాలివానకి భర్తని ఇచ్చుకున్న మనిషి అదే గాలిలోకి అడుగు పెడుతూ చూసిన చూపు. "నేను అడిగి పెట్టించుకున్న రూలే ఇది. వాడిని చూసుకో" అని నడుములోతు నీళ్ళలో దిగి వెళ్ళిపోయింది.

ఇక మేమిద్దరం మిగిలాం. మైకు వినపడుతున్నంతసేపూ నాకు కాస్త ధైర్యంగా ఉండేది. తూర్పువైపు బస్తాలు కావాలి, తాడు తెండి అని ప్రెసిడెంటుగారి తర్వాత ఎవరో కుర్రాడు అరుస్తున్నాడు. ఒక మాట మధ్యలో మైకు ఆగిపోయింది. కరెంటు పోయిందనుకున్నాను. అన్నయ్య నావైపు చూశాడు. అప్పుడు గట్టువైపునుంచి ఆడవాళ్ళ కేక ఒకటి లేచింది. ఎవరో "తెగింది, తెగింది" అంటూ మా ఇంటి ముందునుంచి నీళ్ళు తోసుకుంటూ వెళ్ళారు. అన్నయ్య పెదవులు నీలంగా మారుతున్నాయి. తనని వదిలి వెళ్ళలేను, వెళ్ళకుండా ఉండలేను. తన వీపు నిమురుతూ, తలుపులోంచి నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాను. దేవుణ్ణి కూడా సరిగ్గా తలుచుకోలేకపోయాను. ఎవరికోసం ముందు మొక్కాలో తెలియలేదు.

ఒక దోనె వచ్చింది. అందులో పెద్దమ్మ లేదు. ఇంకొకటి వచ్చింది. దాంట్లో ఎదురింటి మావయ్య కొడుకులున్నారు. నేను అడగకముందే వాళ్ళు తలలు దించుకున్నారు. చివరికి ప్రెసిడెంటుగారి దోనె కనపడింది. దాని అడుగున, తడిసిన గోనెసంచి కింద, ముడుచుకుని పడుకున్న మనిషి పాదాలు కనపడ్డాయి. మెట్టెలు లేని పాదాలు. కదిలాయి.

గట్టు తెగినప్పుడు పెద్దమ్మ బస్తాతో సహా నీళ్ళలో పడిపోయిందట. చీర వలకి చిక్కుకుంది. కొట్టుకుపోకుండా ఆపింది ఆ వలే, పైకి తేలనివ్వకుండా లాగిందీ ఆ వలే. ప్రెసిడెంటుగారు దూకి కత్తితో వల కోసి బయటికి లాగారు. ఆయన ఆమెని అరుగు మీద కూర్చోబెట్టి, "అక్కయ్యగారూ, మీరు రావల్సిన పని కాదండి ఇది" అని వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. పెద్దమ్మ అరచేతులు వలతాడుకి కోసుకుపోయాయి. అన్నయ్యని చూసి, బతికే ఉన్నాడని తెలుసుకుని, అప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

"నాకు భయమేసిందే" అంది. అంతే. ఆ మాటే మళ్ళీ మళ్ళీ అంది.

నీళ్ళు తీశాక మళ్ళీ మీటింగు అయింది. దారులు ఇంకా బాగవలేదు కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను. పెద్దమ్మ కట్టు కట్టిన చేతులతో వచ్చింది. జబ్బుమనిషి ఉన్న ఇంటిని, మగదిక్కు లేని ఇంటిని గట్టు పనికి పిలవొద్దని, వాటా మాత్రం తియ్యొద్దని అడిగింది.

"అయితే అప్పుడు మీరు చెప్పింది తప్పాండీ?" అన్నారు ప్రెసిడెంటుగారు. ఎత్తిపొడుపుగా కాదు, తెలుసుకోడానికే అడిగారు.

"తప్పు కాదండి. సగమే చెప్పాను. అందరికీ ఒక్కలాగా పెట్టడం వేరు, అందర్నీ ఒక్కలాగా మొయ్యమనడం వేరు."

అప్పుడు ఎదురింటి మావయ్య లేచాడు. "నేను చెడ్డోణ్ణి కాదండి. ఆ రోజు మా ఇంటినుంచి నలుగురం దిగాం. ముగ్గురు పిల్లల్లో ఒక్కడు పోయినా నాకు పోయినట్టే కదా. రానోళ్ళ వంతు కూడా మేం నలుగురం మొయ్యాలి, వాటా మాత్రం ఒకటేనా? ఇదెలా సమానం?"

మీటింగు ఏదీ తేలకుండానే ముగిసింది. పెద్దమ్మ దారిలో నాతో, "ఆయన అడిగింది న్యాయమే. నా దగ్గర జవాబు లేదు. అదే నాకు భయంగా ఉంది" అంది. నేను ఈ విషయం మీద పరీక్షలు రాశాను, ఇప్పుడు పరీక్షలు దిద్దుతున్నాను. ఎదుటివాడి మాటలో న్యాయం ఉందని ఒప్పుకుని భయపడిన మనిషిని మాత్రం మళ్ళీ చూడలేదు.

ఊరు ఆ జవాబు వెతుక్కునేలోపే మరుసటి వేసవి వచ్చింది. సరస్సు బతకాలంటే చెరువులు పోవాలని ప్రభుత్వం నిర్ణయించింది. పెద్ద పెద్ద యంత్రాలొచ్చి గట్లు కొట్టేశాయి. సరస్సుకి అది మంచిదే అయ్యుండొచ్చు, కాదనను. కానీ యంత్రం కొక్కెం గట్టులో దిగినప్పుడల్లా పెద్దమ్మ చెవులు మూసుకోవడం నేను చూశాను. సొసైటీ చెరువు కొల్లేట్లో కలిసిపోయింది. వాటాల గొడవ దాంతోనే మునిగింది.

ఇక కొల్లేరు అందరిదీ అన్నారు. ఎవరి రెక్కల కొద్దీ వాళ్ళు పట్టుకోవచ్చు, అడ్డు లేదు. రెక్కలు, దోనెలు, వలలు ఉన్న ఇళ్ళు ఎలాగో నిలదొక్కుకున్నాయి. మా అన్నయ్య తాడేపల్లిగూడెం వెళ్ళి ఉల్లిపాయల మార్కెట్టులో కాటా దగ్గర పనికి కుదిరాడు. ఆ దుమ్ముకి ఆయాసం ఎక్కువైంది. వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. వచ్చేరోజు పెద్దమ్మ ఒడ్డునే కూర్చునేది. తనని దింపిన దోనె తిరిగి వెళ్ళేదాకా దానివంకే చూసేది.

ఆ రోజుల్లో ఎదురింటి మావయ్య వేటనుంచి వస్తూ రెండు చేపలు మా గుమ్మంలో పెట్టి వెళ్ళేవాడు, మాట్లాడకుండా. పెద్దమ్మ తీసుకునేది. ఆయన మంచితనాన్ని ఎన్నడూ తక్కువ చేసి మాట్లాడలేదు. ఒకసారి మాత్రం చేప తోముతూ నాతో అంది.

"మంచోడు. కానీ రోజూ పొద్దున్నే గుమ్మంకేసి చూడాల్సి వస్తోందమ్మా. ఇవాళ పెట్టాడా లేదా అని. వాటా అయితే ఏదని అడగొచ్చు. జాలిని ఎలా అడుగుతాం?"

తర్వాత గుండె నొప్పి మొదలై, వైద్యం కోసం ఏలూరు మా ఇంట్లో కొన్నాళ్ళు ఉంది. నేను అప్పటికి ఉద్యోగంలో చేరాను. ఒక సాయంత్రం పాఠం తయారు చేసుకుంటుంటే ఏం చెబుతావు పిల్లలకి అని అడిగింది.

"అందరికీ అవకాశాలు సమానంగా ఇస్తే చాలా, చివరికి దక్కేది కూడా సమానంగా ఉండాలా అని పెద్ద చర్చ పెద్దమ్మా."

"ఏది రాయమంటావు మరి?"

"రెండువైపులా రాయమంటాను."

"మార్కులకి సరిపోద్దిలే" అని నవ్వింది. నా పుస్తకం పక్కకి జరిపి, "భయం లేకుండా కన్ను మూసుకునేంత ప్రతి ఇంటికీ ఉండాలమ్మా. ఆపైన ఎవరెంత సంపాదించుకున్నా నాకు ఏడుపు లేదు. ఆ భయమే లేకపోతే గట్టు ఎవడు కాస్తాడని ఎదురింటి మావయ్య అడుగుతాడనుకో. అడగనీ" అంది. ఇంతలో వీధిలో ఏదో తలుపు గాలికి కొట్టుకుంది. మాట ఆపేసి లేచింది.

ఆసుపత్రిలో ఉండమన్నా ఉండలేదు. అన్నయ్య వచ్చే రోజని ఊరికి వెళ్ళిపోయింది. ఆ వారంలోనే, అన్నయ్య ఇంట్లో ఉండగానే, తెల్లవారుజామున నిద్రలో పోయింది. భయపడిందా అని అన్నయ్యని అడగాలనిపించింది. అడగలేదు.

కార్యం అయ్యాక నన్ను ఒడ్డుకి చేర్చడానికి అన్నయ్యే దోనె తీశాడు. ఎవరు వద్దన్నా వినలేదు. గాలి లేదు. కొల్లేరు చదునుగా, ఒకటే మట్టంలో, కంటికి ఆనినంత మేర పరుచుకుని ఉంది. ఏది మడుగో, ఏది మెరకో పైకి తెలియదు. అన్నయ్య గెడ వేశాడు. ఒకచోట అది మూరెడు దిగి నేల తగిలింది. ఇంకాస్త ముందుకెళ్ళి మళ్ళీ వేశాడు. గెడ దిగింది, ఇంకా దిగింది, తన చెయ్యి నీళ్ళని తాకేదాకా దిగింది. నేను దోనె అంచు పట్టుకున్నాను. అన్నయ్య వంగి, మోచెయ్యి దాకా నీళ్ళలో ముంచి, ఊపిరి బిగపట్టి, అడుగు కోసం వెతుకుతున్నాడు.